బదర్‌పూర్ దగ్గర ఒక రింగు

ఇంగ్లీషులో ‘కీప్ ట్యాబ్స్ ఆన్’ అని ఒక పలుకుబడి ఉంది. ఒక మనిషి ఎప్పుడు ఎక్కడుందో, ఏం చేస్తోందో దూరం నుంచే ఎప్పటికప్పుడు తెలుసుకుంటూ ఉండటం అని దానికి అర్థం. ఈ అర్థం నేనే రాశాను. రాసినందుకు జీతం కూడా తీసుకున్నాను. ఇప్పుడు ఎవరి నోటైనా ఆ మాట వినబడితే నా చెయ్యి సంచిలోని ఫోన్ మీదికి పోతుంది.

అందరి చేతుల్లోకీ కొత్తగా సెల్‌ఫోన్లు వస్తున్న రోజులవి. ఢిల్లీలో అశోకా రోడ్డు పక్కన ఓ పాత బంగళా వెనక గదిలో మా ఆఫీసు ఉండేది. ఆఫీసంటే మరీ ఊహించుకోకండి. రెండు బల్లలు, చప్పుడెక్కువ చల్లదనం తక్కువగా తిరిగే ఒక కూలరు, ఒక మాస్టారు, నేను. కరోల్ బాగ్ ఇరుకు గదుల్లో మగ్గుతూ సివిల్సుకీ బ్యాంకు పరీక్షలకీ చదివే మన పిల్లల కోసం ఇంగ్లీషు పలుకుబడుల పుస్తకం ఒకటి తయారు చేసేవాళ్లం. మాస్టారు తెనాలి వైపు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ప్రతి పలుకుబడికీ అర్థం, దగ్గరి తెలుగు మాట, ఒక ప్రయోగ వాక్యం ఉండి తీరాలని ఆయన పట్టు.

ఈ పలుకుబడి వచ్చిన రోజున నేను, “కనిపెట్టుకుని ఉండటం అని రాయనా మాస్టారూ?” అన్నాను.

“వద్దమ్మా. జ్వరం వచ్చిన బిడ్డను తల్లి కనిపెట్టుకుని ఉంటుంది. అందులో ప్రేమ ఉంది. దీంట్లో అది లేదు.”

“పోనీ, ఓ కన్నేసి ఉంచడం?”

“అది పొయ్యి మీద పాలకు. పొంగకుండా చూసుకుంటే అక్కడితో పని అయిపోతుంది. ఇది అవని పని. ఎప్పటికప్పుడు ఆరా తీస్తూ ఉండటం అని రాయి. ప్రయోగ వాక్యం ఆలోచించుకుని రేపు తీసుకురా.”

ఆ వాక్యం కోసమే ఆ సాయంత్రం బస్సులో నా పక్క సీటు అమ్మాయిని అడిగాను.

మేమిద్దరం ఉండేది ఫరీదాబాద్‌లో, ఒకే సెక్టారులో. అక్కడి నుంచి ఢిల్లీ ఆఫీసులకు చార్టర్డ్ బస్సులు తిరిగేవి. నెలవారీ డబ్బు కట్టిన వాళ్లకే అందులో చోటు, ఎవరి సీటు వాళ్లకే ఖాయం. వెనక మగవాళ్ల పేకాట. ముందు వరసల్లో పంజాబీ ఆంటీల స్వెట్టర్ల అల్లికలు. చలికాలంలో అయితే వాళ్లు ఒళ్లో కవరు పెట్టుకుని రాత్రి కూరకు బఠాణీలు కూడా ఒలిచేసుకునేవాళ్లు. ఆ బస్సులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. ఆమెది కరీంనగర్ వైపు. నా ఆఫీసుకు దగ్గర్లోనే ఒక సర్కారీ కార్యాలయంలో కంప్యూటర్ మీద పని చేసేది. ఆమె భర్త ఫరీదాబాద్‌లో ట్రాక్టర్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇంటికొచ్చేసరికి ఎనిమిదయ్యేది. పిల్లలు లేరు.

ఆమె బస్సెక్కి కూర్చోగానే ఫోన్ తీసి భర్తకు ఒక రింగు ఇచ్చి కట్ చేసేది. ఎక్కాను అని దానర్థం. ఢిల్లీ పొలిమేరలో బదర్‌పూర్ బార్డర్ దాటుతుంటే ఇంకో రింగు, మా స్టాపులో దిగాక మరొకటి. మిస్డ్ కాల్ అప్పట్లో అందరికీ అలవాటే. చేరాక ఒక రింగు ఇవ్వు అని తల్లులు పిల్లలకు చెప్పుకునేవాళ్లు, కింద నిలబడ్డాను దిగిరా అని స్నేహితులు ఇచ్చుకునేవాళ్లు. ఎత్తకూడదు, అదీ మర్యాద. ఎత్తితే అవతలి వాళ్ల డబ్బు పోతుంది. కాబట్టి ఆమె రింగులను మొదట్లో నేనేమీ పట్టించుకోలేదు. వెనక సీటు ఆంటీ మాత్రం ముచ్చట పడిపోయేది. “కిత్‌నా ఖయాల్ రఖ్‌తా హై” అనేది అల్లిక ఆపి, ఎంత శ్రద్ధగా చూసుకుంటాడో అని. తన మొగుడు తను దారి తప్పి లాహోర్ చేరినా అడగడట.

పోను పోను నాకు తెలిసింది. బదర్‌పూర్ దగ్గర జామ్ అయి బస్సు ఆగితే రింగు ఆలస్యమయ్యేది. అప్పుడు అతనే చేసేవాడు. ఆమె ఎత్తి, “జామ్ ఉన్నది” అని, ఫోన్‌ను కిటికీ బయటకు పెట్టి హారన్ల మోత వినిపించేది. అతనెప్పుడూ కేకలేసిన మనిషి కాదు. చెయ్యి చేసుకున్న మనిషి అంతకన్నా కాదు. కూరగాయల బండి దగ్గర నాకు ఎదురైతే నమస్తే పెట్టి, సంచి మోస్తానని ముందుకొచ్చేవాడు. ఇంటికెళ్లాక ఆమె ఫోన్ తీసుకుని, అందులో ఎవరెవరి నంబర్లున్నాయో చూసి తిరిగి ఇచ్చేవాడు, అంతే. అందుకని ఆమె నా నంబరును ఫోన్‌లో దాచుకోలేదు. నోటికి నేర్చుకుంది. నన్ను ఆటపట్టించడానికి అప్పుడప్పుడు ఆ అంకెలను పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు వల్లించేది.

ఆ సాయంత్రం నేను పలుకుబడి చెప్పి, అర్థం చెప్పి, దీనితో ఒక వాక్యం కావాలి అన్నాను. ఆమె ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

“మై హస్బెండ్ కీప్స్ ట్యాబ్స్ ఆన్ మీ. రాస్కో అక్కా.”

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. మర్నాడు ఆ వాక్యం అలాగే రాసుకెళ్లి మాస్టారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చదివి, హస్బెండ్‌ను కొట్టేసి అక్కడ హాస్టల్ వార్డెన్‌ను పెట్టారు. “పిల్లలు చదివే పుస్తకమమ్మా, సంసారాలు మనకెందుకు?” అన్నారు. నాకు ఒళ్లు మండింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక సాయంత్రం స్టాపులో బస్సు వచ్చి నిలబడ్డాక, ఆమె ఎక్కకుండా తన ఫోన్ నా చేతిలో పెట్టింది.

“అక్కా, నువ్వు రింగులియ్యి. బదర్‌పూర్ కాడొకటి, దిగినంక ఒకటి. నేను ఎనుక బస్సుల వస్త. మీ ఇంటికొచ్చి ఫోన్ తీస్కపోత.”

“నువ్వెక్కడికే?”

“ఏడికి లేదు. ఇండియా గేట్ కాడ గడ్డిల కూసుంట. పల్లీలు తింట.”

“ఎవరితో?”

ఆమె నా వైపు జాలిగా చూసింది. “నువ్వు గుడ అట్లనే అడుగుతవా అక్కా? ఎవ్వరు లేరు. ఒక్క గంట నేనేడున్ననో ఎవ్వరికి ఎరుక లేకుంట ఉండాలె. గంతే.”

నిజం చెప్పాలంటే నేను సగమే నమ్మాను. ఒంటరిగా గడ్డిలో కూర్చుని పల్లీలు తినడానికి ఇంత తతంగం ఎవరు చేస్తారు? కానీ గంట తర్వాత మా ఇంటి తలుపు కొట్టి వచ్చినప్పుడు ఆమె మొహం చూశాను. నిద్రపోయి లేచిన పిల్ల మొహంలా తేటగా ఉంది. కాగితం పొట్లంలో నాకు నాలుగు పల్లీలు మిగిల్చి తెచ్చింది. ఆ రోజు నుంచి నమ్మాను.

అలా వారంలో ఒకటి రెండు సార్లు ఆమె ఫోన్ నాతో ప్రయాణం చేసేది, ఆమె చేసేది కాదు. నేను ఆమె బదులు రింగులిచ్చేదాన్ని. ఆమె వెనక డీటీసీ సిటీ బస్సులో బదర్‌పూర్ దాకా వచ్చి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని స్టాపులో దిగి, మా ఇంటికొచ్చేది. అతను ఇల్లు చేరేలోపు ఆమె పొయ్యి వెలిగించేసేది. నేను ఆమెను ఒకసారి అడిగాను, ఇంత కష్టపడే బదులు పుట్టింటికి పోయి నాలుగు రోజులు ఉండి రావచ్చు కదా అని.

“మా అన్న రెండో దినమే తోల్కొచ్చి ఈడ దించిపోతడు. బంగారమసోంటి మొగడు, నీకేం రోగమంటడు.”

వానలు మొదలయ్యాక నేరేడు పళ్లొచ్చాయి. ఇండియా గేట్ చుట్టుపక్కల రోడ్ల వెంట బారుగా ఉండేవి నేరేడు చెట్లే. కింద పట్టాలు పరిచి, పైన కొమ్మలు దులిపి, ఉప్పు చల్లి ఆకుల్లో పెట్టి అమ్మేవాళ్లు. ఆమెకు వాటి మీద ప్రాణం. తిన్నాక నాలుక, పెదాలు నీలంగా మారిపోయేవి. అలా ఇంటికి పోతే అతను అడుగుతాడు, చార్టర్డ్ బస్సులో నేరేడు పళ్లెక్కడివని. అందుకని మా ఇంట్లో వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఉప్పుతో నాలుక తోముకునేది. నేను వెనక నిలబడి, ఏమే, మొగుడికి భయపడి నాలుక గీక్కునే ఆడదాన్ని నిన్నే చూశాను అని ఏడిపించేదాన్ని. అద్దంలోంచి నాకు ఆ నీలం నాలుక బయటపెట్టి చూపించేది.

ఆ వానల్లోనే ఒక సాయంత్రం ఫోన్ నా దగ్గర ఉంది, ఆమె లేదు. ఎక్కానని మొదటి రింగు ఇచ్చేశాను. సరితా విహార్ దాటాక ఎప్పటిలాగే జామ్. బస్సు అంగుళం అంగుళం కదులుతోంది. నా పక్క సీటులో నా సంచి, ఒళ్లో ఆమె ఫోన్. ముందు తలుపు దగ్గర ఎవరో డ్రైవర్‌తో మాట్లాడి లోపలికెక్కారు. తలెత్తి చూస్తే అతను.

ఫ్యాక్టరీ పని మీద ఆ రోజు ఓఖ్లా వెళ్లాడట. తిరుగు బస్సు జామ్‌లో నిలబడిపోతే, ముందు మా బస్సు కనబడిందట. భార్యను ఆశ్చర్యపరుద్దామని దిగి వచ్చాడు. మొహమంతా నవ్వు. ఆ నవ్వుతోనే మా వరస దాకా వచ్చి, సీటులోని సంచిని, నా ఒళ్లోని ఫోన్‌ను చూశాడు. నవ్వు మెల్లగా పోయింది.

“ఆమె ఏది మేడమ్?”

“ఆఫీసులో పని ఉండి ఆగిపోయింది. ఫోన్ నా దగ్గర మరిచిపోయింది,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“అచ్ఛా,” అన్నాడు. నా సంచిని జాగ్రత్తగా ఎత్తి నాకు అందించి ఆమె సీటులో కూర్చున్నాడు. కొంచెం సేపయ్యాక చాలా మెత్తగా అన్నాడు, “ఎక్కినంక ఇచ్చే రింగు ఇందాక నాకొచ్చింది కదా.”

అతను అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. నా నోటికి మా ఇంట్లో అందరూ భయపడతారు. కానీ మెత్తగా మాట్లాడే మనిషి ముందు ఏం చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. వెనక ఆంటీ అతన్ని గుర్తుపట్టి నమస్తే చెప్పింది. అతను వెనక్కి తిరిగి ఆమె మోకాళ్ల నొప్పుల గురించి కూడా అడిగాడు.

జామ్ వదిలింది. బస్సు బార్డర్ దగ్గరికొచ్చింది. అతను కిటికీలోంచి చూసి, “మేడమ్, బదర్‌పూర్ వచ్చింది. ఇయ్యుండ్రి,” అన్నాడు.

“ఏమిటి?”

“రింగు.”

నేను ఇచ్చాను. నా పక్కనే, అతని చొక్కా జేబులో ఫోన్ మోగింది. ఒకసారి మోగాక కట్ చేశాను. అతను ఫోన్ తీసి, తెర మీద వచ్చిన భార్య పేరును కొంచెం సేపు చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆ చప్పుడు అంత దగ్గరగా వినడం నాకు అదే మొదటిసారి. అప్పటిదాకా ఇటు నుంచి నొక్కడమే తెలుసు, అటు ఎక్కడ మోగుతుందో నేను ఆలోచించలేదు.

నా లోపల ఒకటే కొట్టుకుంటోంది, ఆమెకు ఎలా చెప్పడం? వెనక ఏదో బస్సులో నీలం నాలుకతో నవ్వుకుంటూ వస్తూ ఉంటుంది. స్టాపులో దిగగానే ఎదురుగా ఇతను. ఆమెకు చెప్పగలిగే ఒకే ఒక్క దారి ఆమె ఫోన్, అది నా చేతిలోనే ఉంది. కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి నాది.

స్టాపులో దిగాక అతను చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చేశాను. “ఆమె వచ్చేదాంక ఆగుదాం మేడమ్. మీకేం పనిలేదు కదా?” అన్నాడు. పోతానని అనొచ్చు. కానీ నేను పోతే ఆమె దిగేసరికి అతనొక్కడే ఉంటాడు. అందుకని ఆగాను. వాన వెలిసింది. వెలుతురు ఇంకా బాగానే ఉంది. మథుర రోడ్డు మీద ఆ వేళ జనం గుంపులు గుంపులుగా దిగుతారు. ఫ్లైఓవర్ దిగి వచ్చే బస్సులు ఒక పక్క ఆగుతాయి, షేర్ ఆటోలు కొంచెం ఇవతల ఇంకో పక్క. రెండు వైపులా ఒకేసారి చూడటం ఒక్కడి వల్ల కాదు.

“నేను బస్సుల దిక్కు చూస్త. మీరు జర ఆటోల మీద ఓ కన్నేసి ఉంచుండ్రి,” అన్నాడు.

మేమిద్దరం ఒకరికొకరు వీపు పెట్టి నిలబడ్డాం. దారిన పోయేవాళ్లకు ఎవరో మొగుడూ పెళ్లాం చుట్టాల కోసం చూస్తున్నట్టు ఉండి ఉంటుంది.

ఆటోలు వస్తున్నాయి, దింపుతున్నాయి, పోతున్నాయి. తర్వాత ఒకటి వచ్చింది, ఎనిమిది మందిని కుక్కిన పెద్ద ఆటో. వెనక చివర్న, బయటికి తిరిగి కూర్చుని ఆమె. దిగడానికి సంచి సర్దుకుంటూ తలెత్తింది. నన్ను చూసింది. నవ్వబోయింది. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి. అప్పుడు నా వెనక ఉన్న అతని చొక్కాను చూసింది.

నేను తల ఊపలేదు, కన్ను గీటలేదు, ఏమీ చెయ్యలేదు. అలా చూస్తూ నిలబడ్డాను. ఇద్దరు దిగారు. ఆటో అతను ఇంకెవరైనా దిగాలా అన్నట్టు వెనక్కి చూశాడు. ఆమె ఎత్తిన కాలు మళ్లీ లోపలికి పెట్టుకుని, ఇనప కడ్డీ మీద రూపాయి బిళ్లతో టక్‌టక్ కొట్టింది. పోనివ్వమని. ఆటో బల్లభ్‌గఢ్ వైపు సాగిపోయింది. కనబడినంత సేపూ ఆమె నా వైపే చూసింది.

“వచ్చిందా మేడమ్?” అన్నాడు అతను, బస్సుల మీంచి చూపు తిప్పకుండా.

“లేదండీ,” అన్నాను.

చీకటి పడేదాకా చూసి అతను నాకు థ్యాంక్స్ చెప్పాడు. ఏమైనా తెలిస్తే చెప్పమని నా నంబరు తీసుకున్నాడు. ఇవ్వనని ఎలా అంటాను?

ఆమె మళ్లీ రాలేదు. ఆఫీసుకు కూడా పోలేదు. అతను సెక్టారులో అందరికీ పుట్టింటికి పోయిందని చెప్పాడు. అందరూ నమ్మారు. పుట్టింటివాళ్లు మాత్రం వచ్చి నన్ను కూడా అడిగి పోయారు. నేను చూడలేదని పాడిందే పాడాను. రాత్రిళ్లు మాత్రం పడుకుని ఆలోచించేదాన్ని. ఆ రోజు పొద్దున ఆమె సంచి ఎప్పటికంటే బరువుగా ఉందా? ముందే అనుకుందా, లేక కాలు ఎత్తి మళ్లీ లోపల పెట్టుకున్న ఆ క్షణంలో అనుకుందా? బతికి ఉందా? చేతిలో రూపాయి బిళ్ల ఉండటం చూశాను. ఇంకా ఏముందో చూడలేదు.

వారం తర్వాత బస్సు బదర్‌పూర్ దాటుతుండగా నా ఫోన్ ఒకసారి మోగి ఆగింది. అతని నంబరు. పొరపాటున వచ్చిందనుకున్నాను. మర్నాడూ అక్కడికి రాగానే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఒకటే రింగు. ఎత్తి, ఏంటండీ అని దులిపేద్దామని ఒకసారి బొటనవేలు సిద్ధంగా పెట్టుకున్నాను. కానీ నొక్కేలోపే రింగు ఆగిపోయింది. ఇక నేనే తిరిగి చెయ్యాలి, చేసి ఏమడగాలి? బెదిరిస్తున్నాడా, బతిమాలుతున్నాడా, లేక ఆ వేళకు ఫోన్ రావడం అలవాటైన మనిషి అది రాకపోతే ఉండలేక చేస్తున్నాడా? ఆదివారం సంతలో ఎదురైతే మాత్రం ఎప్పటిలాగే నమస్తే పెట్టి, “ఏమన్న తెలిసిందా మేడమ్?” అనేవాడు. లేదండీ అనేదాన్ని. ఆ సంభాషణ అంతే.

మా ఇంట్లో వాళ్లకు చెబితే తేలిగ్గా తేల్చేశారు. సిమ్ మార్చుకో, పీడ విరగడవుతుంది అన్నారు. వాళ్లన్నది న్యాయమే. కొత్త సిమ్ కొనడానికి కొట్టు దాకా వెళ్లాను కూడా. కౌంటర్ దగ్గర నిలబడ్డాక గుర్తొచ్చింది, ఆమె నా అంకెలను వల్లించడం. ఈ భూమ్మీద ఆమెకు కంఠతా వచ్చిన నంబరు ఇదొక్కటే అయి ఉండొచ్చు. ఇది పోతే ఆమె ఎక్కడికని చేస్తుంది? వెనక్కి వచ్చేశాను. ఆమె కోసం ఉంచుకున్న నంబరుకు అతను చేస్తూనే ఉన్నాడు.

మరుసటి ఏడు మళ్లీ నేరేడు పళ్ల కాలం వచ్చింది. నేను తినడం మానేశాను. అవి అమ్మేవాళ్ల పక్క నుంచి తల తిప్పుకుని పోయేదాన్ని. ఒక సాయంత్రం ఎప్పటిలాగే బదర్‌పూర్ దగ్గర అతని రింగు వచ్చి పోయింది. మా స్టాపులో దిగి రోడ్డు దాటబోతుంటే ఫోన్ మళ్లీ మోగింది. తెలియని నంబరు. ముందు ఎక్కడిదో దూరపు ఊరి కోడ్. ఒక్కసారి మోగి ఆగిపోయింది.

దిగాక ఇచ్చే రింగు అది.

తిరిగి చెయ్యాలని నా ప్రాణం కొట్టుకుపోయింది. ఆ గొంతు ఒక్కసారి వింటే చాలనిపించింది. కానీ వేలు అదుపులో పెట్టుకున్నాను. ఆ కోడ్ ఏ ఊరిదో డైరెక్టరీలో ఐదు నిమిషాల్లో తెలుసుకోవచ్చు. తెలుసుకోలేదు. తెలిస్తే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారుతుంది. రోడ్డు మధ్య డివైడర్ మీద నిలబడే ఆ నంబరును చెరిపేశాను. ఇంటికెళ్లి వాష్‌బేసిన్ దగ్గర నిలబడి ఏడ్చాను. సంతోషంగానే ఏడ్చాను. చేరింది, బతికి ఉంది.

ఆ తర్వాత ఆదివారం అతను ఎదురై, ఏమన్న తెలిసిందా అని అడిగితే, లేదండీ అని చెప్పడం ఎప్పటికంటే కష్టమైంది. అతను నా మొహంలోకి ఎప్పటికంటే కొంచెం ఎక్కువ సేపు చూసినట్టు అనిపించింది. నా భయమే అయి ఉండొచ్చు.

ఆమె రింగు మళ్లీ రాలేదు. అతని రింగు రాని రోజు లేదు. పళ్లు కొరుక్కుంటూనే దానికి అలవాటు పడ్డాను. చలికాలంలో ఒక సాయంత్రం, పొగమంచు అప్పుడే దిగుతోంది, వెనక ఆంటీ బఠాణీలు ఒలుస్తోంది. బస్సు బదర్‌పూర్ దాటింది. ఫోన్ మోగలేదు.

మొదట హాయిగా అనిపించింది. ఇన్నాళ్లకు విసుగు పుట్టిందన్నమాట అనుకున్నాను. బడ్‌ఖల్ మలుపు వచ్చేసరికి ఆ హాయి పోయింది. విసుగు పుట్టే మనిషా అతను? నన్ను అడగాల్సిన పని అతనికి ఎప్పుడు తీరిపోతుంది? ఆమె దొరికినప్పుడే కదా. ఇన్నాళ్లూ నన్ను పీడిస్తోందనుకున్న రింగు రోజూ నాకు ఒక మాట చెబుతూ వచ్చింది. ఇవాళ కూడా దొరకలేదు, ఇవాళ కూడా దొరకలేదు అని. అది వినబడకుండా పోయాక గాని నాకు అర్థం కాలేదు.

మర్నాడూ రింగు రాలేదు. మూడో రోజు పొద్దున వాళ్ల ఇంటి మీదుగా నడిచి చూశాను. తాళం వేసి ఉంది. గేటు దగ్గర ఇస్త్రీ బండి అతన్ని అడిగితే, సాబ్ ఊరెళ్లాడు భాభీజీ అన్నాడు. ఏ ఊరో అతనికి తెలియదు. ఆ రోజు ఆఫీసులో ఒక్క అక్షరం రాయలేదు. ఆ దూరపు కోడ్ అంకెలు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చెరిపేసిన చేతిని తిట్టుకున్నాను. ఇప్పుడు ఆమెను హెచ్చరించాలన్నా మళ్లీ నా దగ్గర దారి లేదు.

ఆ సాయంత్రం బస్సులో నా సంచిని పక్క సీటులో పెట్టుకుని, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బదర్‌పూర్ వచ్చింది. మోగలేదు. మంచులో టోల్ లైట్లు మసగ్గా వెనక్కి పోతున్నాయి. నేను అతని నంబరు తీసి నొక్కాను. ఒకసారి మోగనిచ్చి కట్ చేశాను.

ఫోన్ తెర ఆరిపోయింది. కొంచెం సేపటికి వెలిగింది. అతని నంబరు. ఒక్క రింగు, ఆగిపోయింది.

ఇంకా నా కబురు కోసమే చూస్తున్నాడు. అంటే ఎక్కడికి పోయినా ఉత్త చేతులతోనే ఉన్నాడు. ఆమె దొరకలేదు. నేను కిటికీకి తల ఆనించి గట్టిగా ఊపిరి తీసుకున్నాను.

మర్నాడు అతని రింగు వస్తుందో రాదో అని ఎదురుచూసే ఓపిక నాకు లేకపోయింది. బార్డర్ కనబడగానే ముందు నేనే ఇచ్చాను. జవాబు వచ్చింది. ఆ పై రోజూ ఇచ్చాను. అప్పటి నుంచీ రోజూ నేనే ఇస్తున్నాను.

ఒక సాయంత్రం నేను రింగిచ్చి ఫోన్ ఒళ్లో పెట్టుకోగానే వెనక సీటు ఆంటీ ముందుకు వంగి నా భుజం తట్టింది. “ఘర్ పే బతా దియా? అచ్ఛీ ఆదత్ హై, బేటీ.”

అవును, ఇంట్లో చెప్పేశాను, మంచి అలవాటే అన్నట్టు తల ఊపాను.